మూడు నెలల ఈవోఎల్

నాయనకు పక్షవాతం వచ్చేనాటికి మా ఇంట్లో నమ్మకంగా వచ్చే డబ్బు నా జీతం ఒక్కటే. నిమ్మనపల్లె మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరుని. బేసిక్, డీఏ కలిపి సుమారు 60 వేలు. మా ఆయనది టమోటా సేద్యం. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో 150 రూపాయలు దాటడం చూశాం, కోత కూలి కూడా గిట్టక కాయల్ని చేలోనే వదిలేసిన పంట కార్లూ చూశాం. అందుకని టమోటా డబ్బును నేను ఇంటి రాబడి కింద రాయను. వస్తే అప్పులకు పోతుంది, అంతే.

ఆస్పత్రి నుంచి వచ్చాక నాయనను చూసుకోవడానికి మనిషిని పెడితే నెలకు 18 వేలు, భోజనం మనదే. నేను సెలవు పెడితే పోయేది 60 వేలు. కాగితం మీద చూస్తే మనిషిని పెట్టడమే మేలు. కానీ పక్షవాతంలో కోలుకోవడమన్నది ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే జరుగుతుందని డాక్టరు చెప్పాడు. ఆ వ్యవధిలో రోజూ పూటపూటా చేయి, కాలు ఆడించాలి, మాట పలికించాలి. జీతానికి వచ్చిన మనిషి అన్నం తినిపిస్తుంది, పక్క మారుస్తుంది. ‘అ’ అనమని నూరుసార్లు అడిగే ఓపిక ఒకటో తరగతి టీచరుకే ఉంటుంది! సెలవు ఆ నెలలకే, ఆ తర్వాత మనిషి. నాయనకు బాగయ్యేదాకా అని మొదలుపెడితే దానికి అంతు ఉండదు.

ఇక ఏ సెలవు? పిల్లల కోసమైతే 2022 నుంచి ఆడ ఉద్యోగులకు 180 రోజుల చైల్డ్ కేర్ లీవ్, జీతంతో సహా ఉంది. కన్నవాళ్ల కోసం అలాంటిదేమీ లేదు. మా బళ్లకు వేసవి సెలవులు ఉంటాయి కాబట్టి ఈఎల్ (ఆర్జిత సెలవు) ఏడాదికి ఆరు రోజులే. మిగిలింది సగం జీతం సెలవు, ఏడాదికి 20 రోజుల చొప్పున జమయ్యేది. నా ఆపరేషన్‌కు కమ్యూటెడ్ (రెండు సగం జీతం రోజులకు ఒక పూర్తి జీతం రోజు వచ్చే మెడికల్ సెలవు) వాడుకోవడంతో అది రెట్టింపు వేగంతో కరిగి రెండు నెలలే మిగిలింది. అది అయిపోతే ఈవోఎల్, అంటే అసాధారణ సెలవు, పైసా రాదు.

“మెడికల్ పెట్టేయండి మేడం, నెలంతా ఫుల్ జీతం వస్తుంది” అన్నారు బళ్లో నాతో పనిచేసే సారు. పేపరు తీసి ఆయన ముందే లెక్క వేశాను. రెండు నెలల సగం జీతం 60 వేలు, దాన్నే కమ్యూటెడ్‌గా మారిస్తే ఒక నెల పూర్తి జీతం, అదీ 60 వేలే. తేడా ఏమిటంటే రెండో నెల ఈవోఎల్‌లో పడుతుంది. సగం జీతం సెలవు ఇంక్రిమెంటుకు లెక్కలోకి వస్తుంది, సొంత పని మీద పెట్టిన ఈవోఎల్ రాదు. పైగా లేని జబ్బుకు సర్టిఫికెట్, చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్! సగం జీతానికే దరఖాస్తు ఇచ్చాను.

ఈవోఎల్ అంటే అందరూ ఆ నెలల జీతమే చూస్తారు. నాకు మూడు నెలలు, లక్షా 80 వేలు. దాని వెనక ఇంకో రెండున్నాయి. ఇంక్రిమెంటు తేదీ మూడు నెలలు వెనక్కి జరుగుతుంది, ఆ ఒక్క ఏడాదికి కాదు, రిటైరయ్యేదాకా. నా ఇంక్రిమెంటు 1,500 అనుకుంటే ఏటా 4,500, ఇంకా 20 ఏళ్ల సర్వీసుకు 90 వేలు. రెండోది సీపీఎస్, అంటే కంట్రిబ్యూటరీ పెన్షన్. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన మాకు నెలకు పది శాతం కోత, ప్రభుత్వం అంతే జమ చేస్తుంది. జీతం లేకపోతే కోతా లేదు, జమా లేదు. ప్రభుత్వ వాటా మూడు నెలలకు 18 వేలు. ఏటికి 8 శాతం పెరిగిందనుకుంటే 20 ఏళ్లకు 84 వేలయ్యేది. ఈ రెండూ కలిపితే లక్షా 74 వేలు, చేతికి రాని జీతానికి ఇంచుమించు సమానం. ఇరవై ఏళ్ల తర్వాతి రూపాయి ఈనాటి రూపాయి కాదన్నది నిజమే, అయినా తెలిసి పోగొట్టుకోవడం వేరు. తమకే జబ్బు చేసి ఈవోఎల్ పెట్టినవాళ్లకు ఆరు నెలల దాకా ఇంక్రిమెంటుకు కలిపే ఉత్తర్వు తెచ్చుకునే వీలుంది. అడగనివాళ్లకు ఎవరూ తెచ్చి ఇవ్వరు.

నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది తేదీల గురించి. నవంబరులో మొదలుపెడితే ఐదు నెలలకు ఏప్రిల్ వస్తుంది. మా బళ్లు ఏప్రిల్ నాలుగో వారంలో మూసి జూన్ 12న తెరుస్తారు. మూసేటప్పుడూ తెరిచేటప్పుడూ సెలవులోనే ఉంటే మధ్యలోని వేసవి కూడా సెలవు కిందికే పోతుంది. ఏప్రిల్ మొదట్లోనే చేరిపోయాను. పరీక్షలు పెట్టి పేపర్లు దిద్దాను, వేసవంతా జీతంతో నాయన దగ్గరే ఉన్నాను. నేను లేని నెలల్లో ఐదు తరగతులూ లాక్కొచ్చిన సారుకు ఆ పరీక్షల పనైనా తగ్గింది.

జీతం ఆగే నెలల్లో అసలు ఇబ్బంది వాయిదాలది. సొసైటీ లోను ముందే కట్టేశాను. చీటీ పాడుకోమని ఇంట్లో అన్నారు. అవసరంలో పాడితే పెద్ద మొత్తం పాటకే పోతుంది, పైగా నెలనెలా కట్టాలి. గాజులు బ్యాంకులో పెట్టి, అసలూ వడ్డీ ఏడాది చివర ఒకేసారి తీర్చే గోల్డ్ లోను తీసుకున్నాను. ప్రభుత్వ జీవిత బీమా (ఏపీజీఎల్ఐ) ప్రీమియం చలానాగా కట్టాను. తిరిగి చేరాక సెలవు మంజూరై, సర్వీసు రిజిస్టరులో ఎక్కి, బిల్లు అయ్యేదాకా ఒక నెల ఇల్లు గడిచే డబ్బు విడిగా ఉంచుకున్నాను. అది మొత్తం ఖర్చయింది.

ఇంత లెక్క వేసుకునే వీలైనా మాకు ఉంది. ఐదేళ్లలోపు మంజూరైన సెలవు ఉన్నంతకాలం ఉద్యోగం ఎక్కడికీ పోదు. చెప్పకుండా ఏడాది దాటితేనో, సెలవు ఉన్నా లేకున్నా వరసగా ఐదేళ్లు రాకపోతేనో రాజీనామా చేసినట్టే అని 2007 ఉత్తర్వులు. మదనపల్లెలో ప్రైవేటు బడిలో చెప్పే మా చెల్లెలికి జీతం లేని సెలవు అంటే ఉద్యోగం పోవడమే. కొవిడ్‌లో బళ్లు మూసినప్పుడు తనలాంటివాళ్లంతా అడగని సెలవులో పడ్డారు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి నెలకు 2 వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. ఇక్కడ మా చెల్లెలు ఇళ్లకెళ్లి ట్యూషన్లు చెప్పింది. నాయన దగ్గర ఉండటానికి ఆమెను రమ్మని నేను అడగలేదు. నా ఉద్యోగం ఉంటుంది, ఆమెది ఉండదు.

జూన్ నుంచి పగలు ఒకామె వస్తోంది, 10 వేలు. రాత్రి మేమే. నాయన చేతికర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తాడు, మాట ఇంకా ముద్దగానే ఉంది. గోల్డ్ లోనులో సగం తీరింది. మిగతా సగానికి ఈ కారు టమోటా మీద ఆశ పెట్టుకోవద్దని మా ఆయనతో చెప్పాను, ఆయన పెట్టుకున్నాడు.