ఒక పలకరింపు విలువ

(తృతీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థి)

విద్యార్థికి పుస్తకం, ఉపాధ్యాయుడు, పరీక్ష ఈ మూడూ ఉంటే చాలునని మనలో చాలామంది భావిస్తారు. నేనూ అలా భావించినవాడినే. వీటికి తోడు మరొకటి కూడా అవసరమని అనుభవం నాకు నేర్పింది. ఆ అనుభవాన్ని దాచుకొనక సహాధ్యాయుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచడం నా విధిగా తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది ముదిగుబ్బ. వాన కోసం ఆకాశం వంక చూచి వేరుశనగ విత్తుకొనే సీమ. ఇంట్లో మాట్లాడుకొనేది ఉర్దూ. బడిలో చదువుకొన్నది తెలుగు. 2023లో డిగ్రీలో చేరగానే ఎదురైనది ఆంగ్లం. మా ఇంట కళాశాల గడప త్రొక్కిన మొదటివాణ్ణి నేనే. నా పుస్తకాలకూ, బస్సు పాసుకూ అమ్మ తన కమ్మలు తాకట్టు పెట్టిన సంగతి నాకు తెలుసు. అందుచేత అర్థం కాని ప్రతి పాఠమూ నేను చేసిన అపరాధంగా తోచేది. ఒకనాడు అధ్యాపకులు ప్రశ్న వేశారు. లేచి నిలుచున్నాను గాని నోట మాట పెగలలేదు. తరగతి గొల్లుమన్నది. ఆ నవ్వులో ద్వేషం లేదని ఈనాడు తెలుసు. ఆనాడు మాత్రం అది రోజుల తరబడి చెవులలో మ్రోగింది.

మరునాటి నుంచి తరగతికి వెళ్ళలేదు. అమ్మ కట్టి ఇచ్చిన సద్దితో ఉదయమే బస్సెక్కి, పట్నంలో దిగి, రైల్వే స్టేషను బల్లపై సాయంకాలం దాకా కూర్చొనేవాణ్ణి. మా ముదిగుబ్బ మీదుగా పాకాల వైపు పోయే బండి కంటబడితే తల దించుకొనేవాణ్ణి. ఇట్లా మూడు వారాలు గడిచాయి. ఇంటివారు నేను కళాశాలలో ఉన్నాననుకొన్నారు. కళాశాలవారు నేను ఇంటివద్ద ఉన్నాననుకొన్నారు. హాజరు పట్టీలో నా పేరు ఎదుట సున్నలు పెరిగాయే గాని, ఎందుకని అడిగినవారు లేరు. బ్రతుకే వ్యర్థమనిపించిన దినాలు కూడా అందులో ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం, బంధువులను బండి ఎక్కించడానికి వచ్చిన మా గ్రంథాలయపు అటెండరు చాచా నన్ను చూచారు. కళాశాలకు ఎందుకు రావడం లేదని అడుగలేదు. ప్రక్కన కూర్చుండి, “ఖానా ఖాయే, బేటా?” అన్నారు. సద్ది మూట విప్పనే లేదు. ఆయనే విప్పి, జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టి, మిగిలిన సగం ఊరిబిండితో తాను తిన్నారు. మొదటి ముద్ద మ్రింగేలోగానే నాకు దుఃఖం పొంగివచ్చింది. చెప్పవలసినదంతా చెప్పుకొన్నాను. మరునాడు ఆయనే వెంటబెట్టుకొని నన్ను ఒక అధ్యాపకుని వద్దకు తీసుకొనిపోయారు. ఆ అధ్యాపకులు తరగతులు ముగిశాక రోజూ అరగంట తెలుగులో పాఠం విప్పి చెప్పారు. నాతోపాటు మరి ఐదుగురు వచ్చి కూర్చున్నారు. నావంటి వారు ఇందరున్నారని నాకు అప్పుడే తెలిసింది.

నాకు దొరికిన చాచా అందరికీ దొరకరు. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారని జాతీయ నేర గణాంకాలు తెలుపుతున్నాయి. విశాఖపట్నంలో మరణించిన ఒక విద్యార్థిని తండ్రి న్యాయం కోరగా, 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు నిర్దేశించింది. నూరు మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోను, శిక్షణ పొందిన సలహాదారు ఒకరైనా ఉండాలన్నది వాటిలో ముఖ్యమైనది. సిబ్బందికి ఏటా రెండుమార్లు శిక్షణ ఇవ్వాలని కూడా ఆదేశించింది. ఇది దయాధర్మం కాదు, సంస్థల బాధ్యత.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇదే. ఆ సలహాదారు మన తెలుగులోనూ, ఉర్దూలోనూ మాట్లాడగలవారై ఉండాలి. పరాయి భాషలో ఎవరూ కన్నీరు విప్పుకోలేరు. ఆ నియామకం జరిగేలోగా పైకం అవసరం లేని పని ఒకటి ఉంది. ఏ విద్యార్థి అయినా వరుసగా మూడు దినాలు రాకపోతే, నాలుగవ నాడు ఒక అధ్యాపకుడు గాని, ఒక సహాధ్యాయి గాని అతనిని పలకరించాలి. సంజాయిషీ అడగడానికి కాదు, క్షేమం తెలుసుకోవడానికి.

మిత్రులారా! మనస్సు భరించలేనంత భారమైనపుడు 14416 అనే టెలిమానస్ సంఖ్యకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును. సహాయం కోరడం చేతకానితనం కాదు. మూడు వారాలు మౌనంగా కూర్చున్నవాడినై ఈ మాట చెబుతున్నాను.

మీ బెంచిపై ప్రక్కవాడి చోటు ఖాళీగా కనిపిస్తే, దయచేసి అతడు ఎక్కడ ఉన్నాడో కనుక్కోండి. కనిపించినపుడు మార్కుల మాట ఎత్తకండి. అన్నం తిన్నావా అని అడగండి. మిగిలినది అతడే చెబుతాడు.