వినాయకుడి మండపంలో 378

టంకం వేసేటప్పుడు లేచే రోజిన్ పొగ వాసన ఎక్కడ తగిలినా నాకు చిక్కడపల్లిలోని ఆ డీటీపీ షాపే గుర్తొస్తుంది. పగలంతా అక్కడ పేజ్‌మేకర్‌లో పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు కంపోజ్ చేసేవాళ్లు. రాత్రి షట్టర్ సగం దించాక, షాపులో ఉన్న ఒకే ఒక్క 486 కంప్యూటర్ని షాపు అన్న నాకు వదిలేసేవాడు. "ప్రింటర్ జోలికి మాత్రం పోకు తమ్మీ, పొద్దుగాల్నే పత్రికలియ్యాలె" అనేవాడు. నేను పోయేదే ప్రింటర్ జోలికి. దాని కేబుల్ పీకి, ఆ పాతిక రంధ్రాల పోర్టులో నా కనెక్టర్ గుచ్చేవాణ్ని.

అప్పుడు ఇంజనీరింగ్ మధ్యలో ఉన్నాను. కాలేజీలో డగ్లస్ హాల్ పుస్తకం పెట్టి 8086 రిజిస్టర్లన్నీ బట్టీ వేయించారు. ల్యాబులో చేసేదల్లా రెండు అంకెలు కూడి, జవాబు తెర మీద చూసుకోవడం. తెర మీద అంకె మారితే నాకేం మజా? తెరకు అవతల ఏదో ఒకటి వెలగాలి, కదలాలి.

దానికి దారి ప్రింటర్ పోర్టే. అందులో 2 నుంచి 9 దాకా ఉన్న పిన్నులు ఎనిమిది బిట్లు. 18 నుంచి 25 దాకా గ్రౌండ్. 378 అనే హెక్స్ అడ్రసుకి ఒక బైటు పంపితే, అందులో ఒకట్లు ఎక్కడున్నాయో ఆ పిన్నుల మీద వోల్టేజి నిలబడుతుంది. మళ్లీ ఇంకో బైటు పంపేదాకా అలాగే ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఎల్‌ఈడీలు, 330 ఓమ్స్ రెసిస్టర్లు కొన్నాను. నారింజ, నారింజ, గోధుమ. ఆ రంగుల వరస ఇప్పటికీ నోటికొస్తుంది గానీ, ఆ కొట్టతని మొహం మాత్రం చెరిగిపోయింది.

అసెంబ్లర్ కొనే స్తోమత లేదు. డాస్‌తో ఊరికే వచ్చే డీబగ్ ఉండేది. అందులో "ఏ 100" కొట్టి వరసగా రాసుకుంటూ పోవడమే: మూవ్ డీఎక్స్, 378. మూవ్ ఏఎల్, 1. అవుట్ డీఎక్స్, ఏఎల్. మూడే లైన్లు. జీ కొట్టగానే మొదటి ఎర్ర ఎల్‌ఈడీ వెలిగింది. నేను గట్టిగా అరిచానని అన్న తర్వాత అందరికీ చెప్పాడు. నాకైతే గుర్తు లేదు.

ఆ ఒక్క దీపాన్ని పక్కకి నడిపించాలంటే ఆర్ఓఎల్ అనే ఒక్క ఆజ్ఞ చాలు, బిట్టు పక్క గదిలోకి జరుగుతుంది. మధ్యలో కాసేపు ఆగాలి కదా! సీఎక్స్‌లో ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వేసి లూప్ పెట్టాను. అంటే 65,535 తిరుగుళ్లు. ఆ కంప్యూటర్‌కి అవి ఒక లెక్కా? కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతున్నాయి. ఎనిమిదీ మినుకుతూ ఒక్కసారే వెలుగుతున్నట్టు కనపడ్డాయి. బయట ఇంకో లూపు చుడితే గానీ దీపం నడక కంటికి ఆనలేదు. షాపు అన్న కొడుకు, ఇంకా బడికి పోని పిల్లాడు, క్యాబినెట్ మీది టర్బో బటన్ నొక్కితే దీపాలు నెమ్మదిస్తాయని కనిపెట్టాడు. కాలాన్ని లూపులతో కొలిస్తే యంత్రం మారినప్పుడల్లా కాలం మారిపోతుందని నాకు పాఠం చెప్పింది వాడే.

ఆ ఏడు వినాయక చవితికి బస్తీ మండపం షాపు పక్కనే వేశారు. వెంటిలేటర్ లోంచి వైర్లు లాగి మండపం లైట్లను కంప్యూటర్‌తో ఆడిస్తానన్నాను. పోర్టు ఇచ్చే కరెంటుకి బల్బుల్ని వెలిగించి ఆర్పే రిలే కదలదు. మధ్యలో డ్రైవర్ ఉండాలి. దొరికిన యూఎల్ఎన్ 2003 అనే చిప్పులో దారులు ఏడే. ఎనిమిదో బిట్టుకి ఒక బీసీ 547 ట్రాన్సిస్టర్, రిలే ఆగినప్పుడు ఎదురు తన్నే వోల్టేజికి అడ్డంగా ఒక డయోడ్. 230 వోల్టుల పక్క నన్ను ముట్టుకోనివ్వకుండా బస్తీ ఎలక్ట్రీషియన్ తానే కట్టాడు. అతని దగ్గర అప్పటికే సొంత యంత్రం ఉంది: మోటారుతో తిరిగే డ్రమ్ము, దాని మీద రాగి పట్టీలు. నా రిలేల టకటకలు విని, "నా డబ్బా రూపాయల్ల అయితది, నీది నలభై వేలు. ఎలిగేది గదే బల్బు గదరా" అన్నాడు. అందరూ నవ్వారు. డ్రమ్ములో నమూనా మార్చాలంటే రాగి రేకులు కత్తిరించాలి, నాకు ఒక్క బైటు మారిస్తే చాలు అని వాదించాను. అతను వినలేదు. ఇప్పుడైతే వాదించను. ఆ డ్రమ్ములో ఉన్నది కూడా ప్రోగ్రామే.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మండపంలో బల్బులు ఒకటి విడిచి ఒకటి వెలిగి నిలబడేవి. పోర్టు ఉందో లేదో చూసుకోవడానికి, కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయాస్ అందులో ఏఏ రాసి, తిరిగి చదువుకుంటుంది. ఏఏ అంటే ఒకటి, సున్నా, ఒకటి, సున్నా. భక్తులు అదీ ఒక డిజైన్ అనుకున్నారు. నేనూ కాదనలేదు.

అమీర్‌పేట గోడల నిండా అప్పుడు కోబాల్ కోర్సుల ప్రకటనలే. 2000 సంవత్సరం వస్తోంది, పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిదిద్దే వాళ్లు కావాలి. నా గదిలోని మిత్రులు ఒక్కొక్కరే చేరారు. అది గుమాస్తా పని అని ఎగతాళి చేశాను. సైబర్ టవర్స్ 1998లో మొదలయ్యేనాటికి వాళ్లలో కొందరు వీసా స్టాంపింగ్ కోసం చెన్నై రైలెక్కారు. నేను ఇంకా టంకం కడ్డీ పట్టుకునే ఉన్నాను. అప్పటి నా పొగరు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

కొన్నేళ్లకు ఉద్యోగంలో, విండోస్ ఎక్స్‌పీ మీద సరదాకి అదే అవుట్ ఆజ్ఞని సీ ప్రోగ్రాములో ఇరికించి నడిపాను. ప్రివిలేజ్డ్ ఇన్‌స్ట్రక్షన్ అంటూ ప్రోగ్రాముని బయటికి గెంటేసింది. పోర్టును తాకే హక్కు కెర్నల్‌కే. మామూలు ప్రోగ్రాము ఒక డ్రైవర్ని బతిమాలుకోవాలి. ఆ కాపలా కొత్తదేం కాదు, 1985 నాటి 386 చిప్పులోనే ఉంది. డాస్ దాన్ని వాడుకోలేదంతే. మేము అనుభవించిన స్వేచ్ఛంతా ఆ తలుపు తెరిచి వదిలేసిన పుణ్యమే. పదిమంది ప్రోగ్రాములు ఒకే యంత్రం మీద నడిచే చోట తలుపు మూయాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ నేర్చుకునేవాడికి ఒక్క గదైనా తెరిచి ఉండాలి.

మీ అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంటే, తుక్కువాడికి వేసే ముందు వెనక్కి తిప్పి చూడండి. పాతిక రంధ్రాల పోర్టు కనపడితే ఫ్రీడాస్‌తో బూట్ చేయండి, డీబగ్ అందులోనే దొరుకుతుంది. 2వ పిన్ను నుంచి 330 ఓమ్స్ రెసిస్టర్, ఎల్‌ఈడీ మీదుగా 25వ పిన్నుకి కలిపి "ఓ 378 1" కొట్టండి. యూఎస్‌బీ నుంచి ప్రింటరుకు మార్చే కేబుల్ కొనకండి, దానితో 378 రాదు. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. 230 వోల్టుల దగ్గరికి మాత్రం ఎలక్ట్రీషియన్ లేకుండా పోవద్దు.