కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలున్నాయి?

మా చెల్లి హైదరాబాదులో అగ్రి బిజినెస్ పీజీ చేస్తోంది. బాపట్లలో ఏజీ బీఎస్సీ అయ్యాక అందరూ గ్రూప్స్‌కి ప్రిపేరవమంటే వినకుండా ఇందులో చేరింది. "అంటే ఎరువుల కంపెనీలో సేల్స్ ఉద్యోగమా?" అని నేను ఏడిపించేవాణ్ణి. తిండి, భూమి, నీళ్ళు, చేపలు.. వీటి చుట్టూ డబ్బు ఎలా తిరుగుతుందో చదివే చదువు అని అది నాకు క్లాసు పీకేది. అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీలో ఫుడ్ అండ్ రిసోర్స్ ఎకనామిక్స్ అని ఏకంగా ఒక డిపార్ట్‌మెంటే ఉందట. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో అదే పేరుతో మాస్టర్స్ ఉంది.

మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అది చెప్పిన ఒక క్లాసు సంగతి నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. అందుకే ఈ టపా.

వాళ్ళకి మార్కెటింగ్ పేపర్ సగం ఓ ప్రొఫెసర్‌గారు చెప్తారు. మిగతా సగం చెప్పేది 26 ఏళ్ళు మిర్చి ఎగుమతుల్లో పనిచేసి రిటైరైన ఓ పెద్దాయన. ఆయనకి పీహెచ్‌డీ లేదు, పవర్ పాయింట్ అలవాటు లేదు. ఒక నోటు పుస్తకం పట్టుకుని వస్తారట. మిర్చి ధర ముందుగా అంచనా వేసే ప్రాజెక్టు చెయ్యమంటే, మా చెల్లి తెలివిగా నేను రాసిన పైథాన్ ప్రోగ్రాం పట్టుకెళ్ళింది. ఆగ్‌మార్క్‌నెట్ సైటులో గుంటూరు యార్డుకి రోజూ వచ్చే సరుకెంత, ధరెంత అని 2019 నుంచి 2024 మొదటి దాకా తీసి, మోడల్ ట్రైన్ చేశాను. గ్రాఫులు చూడముచ్చటగా ఉంటాయి. ఎర్రర్ కూడా తక్కువే.

పెద్దాయన అంతా ఓపిగ్గా చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారట.

"బాగుందమ్మా. ఇందులో కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని టిక్కీలున్నాయో ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. (గుంటూరు సంగతి తెలియనివాళ్ళకి: టిక్కీ అంటే మిర్చి బస్తా, సుమారు 40 కిలోలు పైన తూగుతుంది.)

తర్వాత ఆయన బోర్డు మీద గీసి చూపించారట. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మన దగ్గర తోటలు నాశనమయ్యాయి. సరుకు తగ్గింది, ధర పెరిగింది. 2023లో తేజ రకం క్వింటా 20 వేలు దాటింది. అది చూసి అందరూ మిర్చే వేశారు. ఇంకా పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీల్లో దాచారు. "మీ కంప్యూటరు చూసింది పైకెళ్ళే గీతనమ్మా. ఆ గీతని పైకి లాగింది పురుగు. పురుగు సంగతి కంప్యూటరుకి చెప్పారా? మధ్యప్రదేశ్‌లో బేడియా మార్కెట్‌కి మనకన్నా ముందే కొత్తకాయ వస్తుంది, అది చూశారా?"

నిజానికి ఇందులో ఎకనామిక్స్‌కి తెలియనిది ఏమీ లేదు. ఈ ఏడు ధర చూసి అందరూ అదే పంట వేసి వచ్చే ఏడు మునగడం గురించి ఎజెకీల్ అనే ఆయన 1938లోనే రాశాడు. సాలెగూడు సిద్ధాంతం అంటారు. నిల్వకీ ధరకీ ఉన్న లంకె గురించి హోల్‌బ్రుక్ వర్కింగ్ 1949లో రాశాడు. ప్రొఫెసర్‌గారు ఈ రెండూ అంతకుముందు నెలలోనే చెప్పారట. మా చెల్లి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ ప్రాజెక్టు చేసేటప్పుడు దానికి గానీ నాకు గానీ ఆ నిల్వ కాలమ్ లేదన్న సంగతే తట్టలేదు. నా మటుకు నాకు, అనుభవం ఉన్నవాళ్ళు క్లాసులో చెయ్యాల్సిన పని ఇదే అనిపించింది. వాళ్ళు కొత్త సిద్ధాంతం చెప్పక్కర్లేదు. లెక్కలో ఏది వదిలేశామో చూసి చెప్తే చాలు. మన ఫీల్డులో కూడా అంతే కదా. ఇంజనీరింగులో మనకి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టు చెప్పినవాళ్ళలో ఎంతమంది రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే లేచి చూసుంటారు?

సరే, ఇక్కడిదాకా అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. ఊరుకోలేకపోవడానికి కారణం వేరే ఉంది. ఆ మోడల్ మొదట వాడింది మా చెల్లి కాదు, నేను. మా నాన్న మీద.

2024 మార్చిలో మా తేజకి యార్డులో 18,200 అడిగారు. నాన్న అమ్మేద్దామన్నాడు. నేను బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, ఆగు నాన్నా, ఇంకా పెరుగుతుంది, నా లెక్కలో వచ్చింది అన్నాను. కొడుకు కంప్యూటర్ ఇంజనీరు కదా, ఆగాడు. 60 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాం. కమీషన్ ఏజెంటు బాకీకి రెండు రూపాయల వడ్డీ నడుస్తూనే ఉంది. చివరికి 2025 ఫిబ్రవరిలో 12,500కి అమ్మాం. అదే నెలలో కేంద్రం ఏపీ మిర్చికి మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 ప్రకటించింది. అంటే మార్కెట్ ఎలా ఉందో అర్థం చేసుకోండి. 24 క్వింటాళ్ళకి తేడా 1,36,800. వడ్డీ, కోల్డ్ స్టోరేజీ అద్దె అదనం. ఆ డబ్బు నేను ఇచ్చేశాను. నాన్న మాత్రం అప్పటి నుంచి నన్ను ధరలు అడగడం మానేశాడు.

చెల్లి క్లాసు సంగతి చెప్తున్నప్పుడు నాన్న అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. అంతా విని, తల ఎత్తకుండానే అన్నాడు:

"కోల్డ్ స్టోరేజీలు నిండిపోయినయ్యి, ఖాళీ లేదు, రెండు చోట్ల తిరిగితే గానీ మన కాయలకి చోటు దొరకలేదని ఆ రోజే చెప్పాను గదరా. వినలా నువ్వు."

చెప్పాడు. నాకు బాగా గుర్తుంది. నాకది చోటు దొరకని కష్టంలా వినిపించింది తప్ప, డేటా అని వినిపించలేదు.

మా చెల్లి ఆ క్లాసులో ఇంకో మంచి పని చేసింది. అంతకుముందు ప్రొఫెసర్‌గారు కేరళ చేపల మీద రాబర్ట్ జెన్సెన్ 2007లో రాసిన పేపరు చెప్పారట. సెల్‌ఫోన్లు వచ్చాక జాలర్లు సముద్రంలోంచే ఫోన్ చేసి ఏ రేవులో ధర బాగుంటే అక్కడికి పడవ తిప్పారు, చేపలు పారబొయ్యడం ఆగింది, జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకి ధర 4 శాతం తగ్గింది అని. మన ఐటీ వాళ్ళందరికీ ప్రాణం లాంటి పేపరు అది. రైతుకి సమాచారం ఇస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని మనం రాసే ప్రతి యాప్ వెనకా ఆ నమ్మకమే. చెల్లి లేచి పెద్దాయన్ని అడిగింది: "సార్, రైతు కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు తీసుకుని ఉంటే, పక్క ఊళ్ళో ధర ఎక్కువుందని తెలిసినా అక్కడికి ఎలా వెళ్తాడు?"

ఆయన కాసేపు మాట్లాడలేదట. తర్వాత, "వెళ్ళలేడమ్మా. అప్పులు కట్టాల్సిన రోజులెప్పుడో మాకు తెలుసు. మేం ఎక్కువ కొన్నది ఆ రోజుల్లోనే" అన్నారట.

ఆయన నిజాయితీకి దణ్ణం పెట్టాలి. కానీ ఆ మాట చెల్లి అడిగింది కాబట్టి బయటికొచ్చింది. ఆయన నోటు పుస్తకంలో అది లేదు. ఎందుకుంటుంది? అది కొనేవాడి పుస్తకం. 26 ఏళ్ళ అనుభవమే, కాకపోతే కాటాకి ఒకవైపు నిలబడి చూసిన అనుభవం. మా చెల్లి కాటాకి రెండోవైపు ఇంట్లోంచి వెళ్ళింది కాబట్టి అడగగలిగింది. క్లాసులో మిగతావాళ్ళు ఎలా కొనాలో నేర్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని కొత్త పద్ధతి తెచ్చింది. కనీసం 15 ఏళ్ళ అనుభవం ఉండాలి, సీనియర్ స్థాయిలో అయితే మంచిది, డిగ్రీలు తప్పనిసరి కాదు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు. మంచి పద్ధతే, కాదనను. కానీ అనుభవజ్ఞులు అనగానే అందరం కంపెనీల వైపే చూస్తాం. మా నాన్నకి మిర్చిలో 31 ఏళ్ళ అనుభవం ఉంది. ఆయనది సీనియర్ స్థాయి అవునో కాదో ఎవరిని అడగాలి? :) యార్డులో హమాలీకి ఏ కోల్డ్ స్టోరేజీ ఎంత నిండిందో నా మోడల్ కన్నా బాగా తెలుసు.

వీళ్ళని సెమిస్టరంతా పాఠం చెప్పమనడం లేదు. సిద్ధాంతం చెప్పే ప్రొఫెసర్‌గారు ఉండాల్సిందే. ఆయన లేకపోతే పెద్దాయన కబుర్లు కబుర్లుగానే మిగిలిపోతాయి. పెద్దాయనా ఉండాల్సిందే. కానీ కొన్నవాడు ఒక గంట చెప్తే, అమ్మినవాడు కూడా ఒక గంట చెప్పాలి. పిల్లలు ఇద్దర్నీ ప్రశ్నలు అడగాలి. చెల్లి ఈ సంగతి వాళ్ళ హెచ్‌ఓడీకి మెయిల్ రాసింది. చూద్దాం అన్నారట. "నాన్నా, పిలిస్తే వస్తావా?" అని అడిగితే, "కోతలప్పుడు పిలవొద్దని చెప్పు" అన్నాడు.

నేను మాత్రం ప్రోగ్రాంలో నిల్వ కాలమ్ ఒకటి కలిపాను. దానికి ఏ సైటూ లేదు. ఈసారి పంట రాగానే ఆదివారం ఆదివారం నాన్నకి ఫోన్ చేసి అడిగి, నేనే నింపుతాను.

మీలో వ్యవసాయానికి యాప్‌లు రాసేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. మీ కాలమ్స్ ఎవర్నడిగి పెట్టారు?