శివారం మొసళ్ళ మడుగు



యాత్ర యన్నంతనే మన యిండ్లలో వేములవాడయో, ధర్మపురియో, కాళేశ్వరమో జ్ఞప్తికి వచ్చును. మొసళ్ళను జూచుటకై చద్దిమూట గట్టుకొని బయలుదేరితిమన్నచో మీరు నవ్వుదురు. మేమును మొదట నవ్వినవారమే. పిల్లల పోరు పడలేక, ఫాల్గుణమాసమున నొక యాదివారము శివారం అభయారణ్యమునకు పోయి వచ్చితిమి. నాటినుండి ఆ నవ్వు మాకు లేదు.

మేము గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్లలో కాపురముండువారము. మాకు తెల్లవారుట సూర్యునితో గాదు, సైరనుతో. మొదటి షిఫ్టునకు పోవువారికి టిఫిను డబ్బా సర్దుటతో దినము మొదలగును. ఉదయ మారవేసిన తెల్లచీర సాయంకాలమునకు బూడిదవన్నెకు తిరుగును. ఓపెన్‌కాస్టులో మందు పేల్చినపుడు అలమరలోని గిన్నెలు గలగలలాడును. ఇంతటి సందడికి కొద్దిదూరముననే, అదే గోదావరి యొడ్డున, మొసళ్ళకై ప్రత్యేకించిన యడవి కలదన్న సంగతి మా వీధిలోనే పెక్కుమందికి తెలియదు.

గోదావరి వంతెన దాటి, ఇందారము మీదుగా జైపూరు చేరితిమి. అచ్చట 2016లో మొదలైన సింగరేణివారి విద్యుత్కేంద్రపు పొగగొట్టములు ఆకాశము నంటుచుండును. వానిని వెనుకకు విడిచి నదివైపు మరలగానే దారి సన్నగిల్లినది, చప్పుడు తగ్గినది. టేకులు ఆకు రాల్చి నిలిచియుండెను; ఏటి దరిని మద్దిచెట్లు మాత్రము పచ్చగా నుండెను. కొండముచ్చులు కొమ్మలపైనుండి మా మూటలవైపు ఆశతో జూచినవి. ఈ యభయారణ్యము పెద్దది కాదు. 40 చదరపు కిలోమీటర్లకు లోపే. నదికి ఆవలియొడ్డు మంథని సీమ.

ఒడ్డున నిలిచి ఎంతసేపు చూచినను మాకు మొసలి కానరాలేదు. ఇసుకతిన్నెపై నల్లని మొద్దు లేవో పడియున్నవనుకొంటిమి. అంతలో మా చిన్నవాడు "అమ్మా! మొద్దు నోరు తెరిచింది!" అని కేకవేసెను. అవి మూడు మొసళ్ళు. మన చెరువులలోను, నదులలోను నుండు ఈ జాతిని మగ్గరు అందురు. ఇవి చలిరక్తపు జంతువు లగుటచే ఉదయపుటెండలో మేను కాచుకొనును. వేడి మిక్కుటమైనచో నోరు తెరచి చల్లార్చుకొనును. అది మనలను మ్రింగుటకై తెరచిన నోరు గాదు.

మా అత్తగారు పసుపు, కుంకుమ, ఒక రవికగుడ్డ తెచ్చియుండిరి. గంగమ్మకు సమర్పించి, నీళ్ళు నెత్తిన జల్లుకొందమని ఆమె తిన్నెవైపు నడువబోగా అటవీశాఖ కాపలాదారు అడ్డుపడెను. ఆమెకు కోపము వచ్చినది.

"ఏంది బిడ్డా! ఇంతదూరమొచ్చి గంగమ్మను ముట్టకుండ పోవుడా?"

"కోపం చెయ్యకు అవ్వా! ఆ ఇసుకల మొసలి గుడ్లు పెట్టే కాలమిది. మనం తొక్కితె పగుల్తయి. తల్లి కూడ ఆడనే కాపలుంటది" అని యతడు మెల్లగా చెప్పెను.

పిమ్మట మేము తెలిసికొన్న సంగతులు మీకును చెప్పవలెను. మగ్గరు మొసలి మాఘ ఫాల్గుణ చైత్రములలో ఒడ్డున గుంట త్రవ్వి, సాధారణముగా 25, 30 గ్రుడ్లు పెట్టి ఇసుక కప్పును. రెండు నెలల కాలము తల్లి ఆ చాయల విడువదు. పుట్టబోవునది ఆడుదో మగదో యిసుకలోని వేడిమియే నిర్ణయించును. ప్రొద్దులు నిండగానే పిల్లలు గ్రుడ్డులోనుండియే కూయును. ఆ కూత విని తల్లి యిసుక త్రవ్వి, పశువు నెముకను పటపట విరువగల ఆ కోరల నడుమనే పిల్లల నెత్తుకొని, ఒక్కదానికైన గాటు పడకుండ నీట విడుచును. 'మొసలి కన్నీరు' అని దొంగయేడ్పునకు మనము పేరు పెట్టితిమి గాని, ఆ తల్లి సంగతి మన కెవ్వరును చెప్పరైరి.

ఆ తల్లికి మనవలన కలిగిన యాపద చిన్నది కాదు. దాని చర్మముతో జోళ్ళును, సొగసైన చేతిసంచులును చేయుటకై వేటాడి వేటాడి, 1970 నాటికి దేశమున మొసళ్ళు అరుదైపోయెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని చంపుట నేరముగా జేసెను. 1975లో మొసళ్ళను పెంచి నదులలో విడుచు పథకము ఆరంభమయ్యెను.

నేడు కత్తి లేదు గాని, ఇంకొక చిక్కు గలదు. కాళేశ్వరపు టెత్తిపోతలకై మేడిగడ్డ, అన్నారము, సుందిళ్ళలవద్ద ఆనకట్టలు కట్టి 2019లో నీరు నిలిపిరి. ఏరు చెరువయ్యెను. 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభములు కుంగినపిదప నీటిని విడువగా, ఏరు మరల ఏరయ్యెను. పెద్ద మొసలికి లోతునీరు మంచిదే. గ్రుడ్డునకు మాత్రము పొడియిసుక కావలెను. ఇసుకలో గ్రుడ్లున్న రెండు నెలలలో నీటిమట్టము పెరిగినచో ఆ యేటి సంతానము మునిగినట్లే. పొలమునకు నీరు వలదని యెవ్వరనగలరు? కాని యా రెండు నెలలును నీటిని కట్టునప్పుడు ఒడ్డున నొక తల్లి కలదని తలచుట తప్పు గాదుగదా!

మా యిండ్లలో వెలుగు బొగ్గువలన వచ్చినదే. ఆ బొగ్గు 25 కోట్ల యేండ్లకు పైబడిన నాటి యడవి. ఆ మొసలి పూర్వులును 20 కోట్ల యేండ్లకు ముందే భూమిపై నున్నవారు. చచ్చిన యడవిని త్రవ్వి బ్రదుకువారము. బ్రదికియున్న గుప్పెడడవిని కాచుకొనలేమా?

మీరు పోదలచిన చలికాలపు టుదయములలో పొండు. అన్నము, త్రాగునీరు వెంట గొనిపొండు. అచ్చట అంగళ్ళు లేవు. పిల్లల చేయి విడువకుడు, నీటిలో దిగకుడు, ప్లాస్టిక్కు సంచి యొక్కటియైన విడిచి రాకుడు.

తిరిగి వచ్చునపుడు అత్తగారు పసుపుకుంకుమలు ఒడ్డుననున్న మద్దిచెట్టు మొదట నుంచి, దూరమునుండియే నదికి మ్రొక్కిరి. బండిలో పిల్లలకు గజేంద్రమోక్షము కథ చెప్పిరి. ఏనుగు మొర, విష్ణువు రాక, చక్రము—అంతయు ఎప్పటివలెనే చెప్పి, కడపట ఇంతకుముందెన్నడును చెప్పని మాట యొకటి చేర్చిరి: "ఆ మొసలి కూడ దేవలముని శాపం తగిలిన గంధర్వుడే, బిడ్డా! ఆ దినం దానికి కూడ మోక్షమొచ్చింది."

ఇల్లు చేరుసరికి రెండవ షిఫ్టు సైరను కూయుచుండెను.