వంకరగా నిలిచిన స్టీరింగు

మా ఇంట్లో కారు ఉన్నదంటే అది గొప్ప కోసం కాదు. అమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్ కొరకు సత్తెనపల్లి నుండి గుంటూరు తీసుకువెళ్ళాలి. పోయేటప్పుడు బస్సు పరవాలేదు గాని, తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు నిలబడే ఓపిక ఉండదు. అందుచేత 2008 నాటి పాత మారుతి 800 ఒకటి కొన్నాము. మా ఇద్దరిలో నడపడం వచ్చినది ఒక్కరికే, భయపడడం మాత్రం ఇద్దరికీ వచ్చును.

మొన్న వేసవిలో ముందరి టైరొకటి లోపలి అంచున అరిగి నున్నబడింది. రెండు టైర్లూ మార్చి, ఒక షాపులో అలైన్‌మెంటు చేయించాము. కంప్యూటరు తెరమీద అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. కాగితం చేతికిచ్చారు, డబ్బు కట్టి బయలుదేరాము. ఊరు దాటకముందే తెలిసింది. బండి తిన్నగానే పోతోంది, స్టీరింగు మాత్రం కుడివైపు ఒరిగి ఉంది. గడియారంలో పన్నెండు మీద ఉండవలసిన ముల్లు ఒంటిగంట మీద ఉన్నట్టు! దాన్ని మధ్యకు తెస్తే బండి ఎడమకు పోతుంది.

వెనుక సీటులోనుండి అమ్మ చూడనే చూసింది. "ఇదివరకు ఇలా లేదు గదా? నా కోసమని పాడైన బండి నడపకండి, నాయనా" అంది. ఎల్లుండే డయాలసిస్. ఆ రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు.

మరునాడు మా వీధి మెకానిక్కును అడిగితే, "ఇదెంత పని! స్టీరింగు ఊడదీసి, రెండు పళ్ళు జరిపి బిగిస్తాను, పది నిమిషాలు" అన్నాడు. ఒప్పుకొనేవాళ్ళమే. ఇంతలో ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మా బాబాయిగారు వచ్చి ఆపారు.

ఆయన ముందు నాలుగు టైర్లలో గాలి చూశారు. తరువాత ఎగుడు దిగుడు లేని రోడ్డు మీద తానే నడిపి చూశారు. ఇంటికి వచ్చి, అరుగు మీద రెండు చీపురుపుల్లలు పెట్టి మాకు బోధించారు. స్టీరింగు తిప్పితే కింద అడ్డంగా ఉన్న పళ్ళకడ్డీ జరుగుతుంది. దాని రెండు చివరల నుండి రెండు టై రాడ్లు చెరొక ముందు చక్రానికి వెళతాయి. ఒక రాడ్డు కాస్త పొడవై, రెండవది అంతే పొట్టిదైతే, రెండింటి మొత్తం మారదు గనుక చక్రాలు ఒకదానికొకటి సరిగానే ఉంటాయి. యంత్రం చూసేది ప్రధానంగా చక్రాలనే. కాబట్టి కాగితం అబద్ధం కాదు, వంకరా అబద్ధం కాదు. రాడ్లు తిప్పేముందు స్టీరింగును మధ్యకు తెచ్చి, కదలకుండా క్లాంపు వేయాలి. అది మరచి ఉంటారన్నారు.

"మరి ఊడదీసి పెడితే ఏమి, బాబాయిగారూ?" అని అడిగాము.

"చూపుకు తిన్నగా ఉంటుంది. లోపలి కడ్డీ మాత్రం పక్కకే ఉంటుంది. ఒక వైపు ఎక్కువ, మరొక వైపు తక్కువ తిరుగుతుంది. మలుపు అయ్యాక ఇండికేటరు సమయానికి ఆగకపోవచ్చు. ఎయిర్‌బ్యాగు ఉన్న బండ్లలోనైతే, తెలియనివారు స్టీరింగు మీద చెయ్యి వేయనే కూడదు" అన్నారు. ఇంకొకటి కూడా చెప్పారు. ఏ పనీ చేయించకుండానే, గుంటలో పడ్డాకనో రాయికి తగిలాకనో స్టీరింగు ఇలా ఒరిగితే రాడ్డు వంగి ఉండవచ్చు, చూపించకుండా నడపరాదు. ట్రాక్టరు ఉన్న చదువరులకూ ఈ మాట పనికివస్తుందని వ్రాస్తున్నాము.

డయాలసిస్ రోజున తెల్లవారగానే ఆ షాపుకు వెళ్ళాము. గట్టిగా నాలుగు మాటలు అడగాలని దారి పొడవునా కూడబలుక్కున్నాము. అక్కడి కుర్రవాడు స్టీరింగు చూసి, మేము నోరు తెరవకముందే, "క్లాంపు వేయలేదండీ, తప్పు నాదే" అన్నాడు. చెక్ నట్లు వదులు చేసి, ఒక రాడ్డు ఎంత పెంచాడో రెండవది అంతే తగ్గించాడు. మళ్ళీ కొలతలు తీశాడు. పావుగంట పట్టింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

వేళకే ఆసుపత్రి చేరాము. దారిలో ఒకచోట రోడ్డు ఎడమ అంచుకు బాగా వాలి ఉంది. అమ్మ ముందుకు వంగి, "మళ్ళీ కాస్త కుడికి పట్టుకున్నారేమిటి?" అంది.

"అది రోడ్డు వాలమ్మా, బండిది కాదు."

"అలాగా" అని వెనక్కి జారబడి కళ్ళు మూసుకుంది.