పనికిరాని పొద

మా చెల్లెలు అమెరికాలోని సియాటిల్ నగరమున కాపురముండుచున్నది. ఆమె యింటి వీధిగుమ్మమున కెడమవైపున, మధ్యాహ్నము దాటిన పిదప ఎండ సోకని చోట, ఒక పొద కలదు. దానిని ఆ దేశమువారు స్నోబెర్రీ యందురు; మనము మంచుపండు అనుకొనవచ్చును. ఆరునెలలపాటు కూతురింట నుండి వచ్చుటకై వెళ్లిన మా తల్లిగారిని తీసికొని వచ్చుటకు సంక్రాంతి సెలవులలో నేను పోయినప్పుడు దానిని చూచితిని.

వేసవిలో ఈ పొదను ఎవరును లెక్క సేయరట. నిలువెత్తు కొమ్మలు, గుండ్రని చిన్న యాకులు, కంటి కానని లేత గులాబిరంగు గంటపూవులు. తేనెటీగలు మాత్రము వానిని విడువవు. ఆకు రాలిన పిమ్మటనే దాని వైభవము. సన్నని వట్టి కొమ్మల కొనలయందు తెల్లని పండ్లు గుత్తులుగా వ్రేలాడుచు చలికాలమున చాలకాలము నిలిచియుండును. ముత్యములతో పోల్చబోతిని గాని ముత్యమునకు మెఱుపు కలదు, దీనికి లేదు. అప్పుడే చిలికి తీసిన వెన్న యన్నచో కొంత సరిపోవును.

దీని చరిత్రము ముచ్చటైనది. 1804 మొదలు 1806 వఱకు పడమటి సముద్రము దాక సాగిన లూయిస్, క్లార్కుల యాత్రవలన దీని విత్తనములు తూర్పుతీరమునకు చేరినవి. ఫిలడెల్ఫియాలోని మెక్‌మహన్ అను తోటమాలి పెంచిన మొక్కలు 1812లో థామస్ జెఫర్సనుకు అందినవి. మరుసటి యేట ఆయన ఫ్రాన్సులోని యొక మిత్రురాలికి లేఖ వ్రాయుచు, దీనికి శాస్త్రనామ మింకను లేదు గదా యని గ్రీకుభాషలో తానే రెండు పేర్లు సూచించెను. అధ్యక్షపదవి నుండి దిగిన డెబ్బదియేండ్ల వృద్ధునకు పొదకు పేరు పెట్టు తీరిక దొరకుట నా కెంతయు నచ్చినది. ఆయన పేర్లు నిలువలేదు. నిలిచినది సింఫోరికార్పస్ అనునది. గుత్తిగా మోయబడు ఫలమని తాత్పర్యము. అందలి గ్రీకు ధాతువు మన ‘భృ’ ధాతువునకు తోబుట్టువు. భారము, భర్త, భార్య యను మాటలు ఆ ధాతువునుండియే పుట్టినవి. భరింపదగినది భార్య యని పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. ఆసుపత్రిలో రాత్రిపూట నర్సుపని చేసి తెల్లవాఱి వచ్చి పిల్లలకు అన్నము కట్టు మా చెల్లెలి యింట ఎవరు ఎవరిని భరించుచున్నారో ఆ వ్యుత్పత్తికి తెలియదు.

పోషణ సులభము. బంకమన్నైనను, నీడయైనను, సున్నకు దిగువ 30 డిగ్రీల చలియైనను ఓర్చుకొనును. నాటిన మొదటి రెండు వేసవులలో నీరు పోయవలెను. ఆ ప్రాంతమున వాన చలికాలపుది గాని వేసవిది కాదు. శీతకాలము చివర, చిగురు వేయకమునుపు, ముదురు కొమ్మలలో మూడవవంతు మొదలంట నఱకవలెను. ఆ యేడు పుట్టిన రెమ్మలయందే పూవులు పూయును గనుక నఱకినందున కాపునకు నష్టము లేదు. దానితో చిక్కొక్కటే: వేళ్లనుండి పిలకలు లేచి ప్రక్కకు ప్రాకును. వానిని త్రవ్వి తీయవలెను, లేదా ఇరుగుపొరుగులకు పంచవలెను. పండ్లను మనుష్యులు తినరాదు. కడుపునొప్పియు వాంతులును కలుగును. పక్షులుకూడ వేఱు పండ్లు అయిపోయిన తరువాతగాని వీని వంక చూడవు.

మా తల్లిగారికి ఈ పండ్లమీదనే కోపము. “దీని కాయ కూరకా, పచ్చడికా? పువ్వు దేవుడికా, జడకా? పీకి పారేసి గోంగూర వెయ్యవే” అని వచ్చిన నాటినుండియు ననుచుండెనట. “దానితో నాకేమీ పనిలేదమ్మా, అందుకే పెంచుకుంటున్నాను” అని చెల్లెలు బదులు చెప్పెను. ఆ మాట నా యెదుటనే జరిగినది. మా యమ్మ మాఱుపలుకలేదు.

మనయిండ్లలోని ఆడువారికి తోట యన్నను సేవయే. కరివేపాకు వంటకు, నందివర్ధనము పూజకు, తులసి వ్రతమునకు, మునగ కుటుంబమునకు. పెరటిలో పాటుపడునది ఆమె; పంట ఇతరులది. సంస్కరణమును గూర్చి ఉపన్యసించు మన మగవారిలో ఎందఱు తమ యిండ్లలోని స్త్రీలను “నీకేది యిష్టము?” అని యడిగియుందురు?

తిరుగుప్రయాణమునకు రెండుదినముల ముందు మా యమ్మ పిల్లలను వెంటబెట్టుకొని ఆ పొదయొద్ద నిలుచుండెను. పిల్లలు రాలిన పండ్లను కాలితో నొక్కి టప్పుమనిపించుచుండిరి. ఆమెయు చెప్పు తీయక ఒకటి నొక్కి చూచెను. తరువాత నావైపు తిరిగి, “ఇది మన ఊళ్లో బ్రతుకుతుందిరా?” అని యడిగెను. బ్రతుకదని చెప్పితిని, దీనికి చలికాలపు నిద్ర కావలెను, మన కృష్ణాతీరపు ఎండలో నిలువదు. ఆమె కొంతసేపూరకుండి, “యాభైయేళ్లు కాపురం చేశాను, నాకోసమని ఒక్క మొక్కా నాటుకోలేదు” అనెను.

ఇల్లు చేరిన వారమునకు ఆమె నాతోకూడ నర్సరీకి వచ్చి, ఎఱుపును పసుపును కలిసిన యాకుల క్రోటను మొక్క నొకదానిని స్వయముగా ఏఱుకొనెను. దానివలన ప్రయోజనమేమని మా నాన్నగా రడిగిరి. ఆమె సమాధాన మీయలేదు. మొక్క యిప్పుడు వసారాలో, కుండీలోనే యున్నది. తొలకరి పడినపిమ్మట నూతిగట్టుకు దూరముగా, ఆమె చూపించిన చోట నాటవలెను.