ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ

బేస్‌బాల్ సంగతి నాకెందుకు చెప్పండి? కానీ 2016 నవంబరులో షికాగోలో అమ్మాయి ఇంట్లో ఉండవలసి వచ్చింది. ఆ ఊరి జట్టు కబ్స్ 1908 తర్వాత మళ్ళీ ఛాంపియన్లు కాలేదట. నూట ఎనిమిదేళ్ళు! ఆఖరి మ్యాచి క్లీవ్‌లాండ్‌లో జరుగుతోంది. అల్లుడుగారు భోజనం సోఫాలోనే కానిచ్చారు. నేను కార్తీకమాసం వత్తులు చేసుకుంటూ ఓ మూల కూచున్నాను.

నాకు ఆట బోధించే పని పదేళ్ళ మనవడి మీద పడింది. లోపలి వరసలో నలుగురుంటారట. ఫస్ట్ బేస్ వాడికి అందరూ విసిరే బంతులు పట్టడమే పెద్ద పని. థర్డ్ బేస్ వాడి మీదికి బంతి బాణంలా దూసుకొస్తుంది, ఆలోచించే వ్యవధి ఉండదు. షార్ట్‌స్టాప్ ఎక్కువ మేర పరిగెత్తాలి, దూరం విసరాలి. సెకండ్ బేస్ వాడిది మరో నేర్పు. ఎవరి పని వారిదే. గ్లవ్ కూడా వేరువేరు. అట్ల పెనం మీద చపాతీ కాల్చనివ్వని మా అత్తగారు జ్ఞాపకం వచ్చారు.

"మరి ఆ అబ్బాయిదెక్కడరా?" అన్నాను, తెర మీద కనిపించిన ఒకతన్ని చూపించి.

"బెన్ జోబ్రిస్టా? ఎక్కడైనా ఆడతాడు అమ్మమ్మా. ఈ ఏడు ఎక్కువగా సెకండ్ బేస్, ఇవాళ లెఫ్ట్ ఫీల్డ్."

ఎక్కడైనా! వత్తులు పక్కన పెట్టాను.

అల్లుడుగారు ఉత్సాహంగా అందుకున్నారు. హైస్కూలు అయ్యేసరికి ఇతన్ని అడిగిన కాలేజీయే లేదట. పుట్టినరోజుకొచ్చిన 50 డాలర్లు కట్టి, ఆటగాళ్ళని ఎంచే ఒక శిబిరానికి వెళితే అక్కడ ఒక చిన్న కాలేజీవాళ్ళ కళ్ళబడ్డాడు. మొదట షార్ట్‌స్టాప్. టాంపా బే జట్టులో స్థిరమైన చోటు దొరకలేదు. 2009లో సెకండ్ బేస్ అతని మోకాలు దెబ్బతింటే ఆ ఖాళీలోకి ఇతన్ని పంపారు. పిచ్చర్, క్యాచర్ తప్ప మిగతా ఏడు స్థానాల్లోనూ ఆ ఒక్క ఏడే ఆడాడు, పైగా 27 హోమ్ రన్లు కొట్టాడు. కుడి, ఎడమ రెండు వైపులా బ్యాటు పట్టగలడట.

ఇదంతా వింటుంటే నాకు మా అక్కయ్యే కళ్ళముందు మెదిలింది. బావగారు చిన్నతనంలోనే పోయారు. నా రెండు పురుళ్ళకీ అక్కయ్యే. తమ్ముడి ఆపరేషనుకి అక్కయ్యే. మరదలికి ఉద్యోగం వస్తే పిల్లల దగ్గర అక్కయ్యే. "అక్కయ్య ఉందిగా" అనడం మా ఇంట్లో ఊతపదం. ఆవిడకి మాత్రం తనదంటూ ఒక గది లేదు. పని లేకుండా ఊరికే రమ్మని ఆవిణ్ణి నేనూ ఎన్నడూ పిలవలేదు సుమండీ.

తొమ్మిది ఇన్నింగ్సులకీ 6–6. వాన. 17 నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టారు. పదో ఇన్నింగ్సులో అవతలివాళ్ళు రిజో అనే పెద్ద బ్యాట్స్‌మన్‌కి కావాలనే నాలుగు బంతులు దూరంగా వేసి, ఉత్తినే ఫస్ట్ బేస్‌కి పంపేశారు. ఎందుకూ అంటే, తర్వాత వచ్చేది జోబ్రిస్ట్, ఇతనైతే ఫర్వాలేదని! ఇతను థర్డ్ బేస్ పక్కనుంచి లైను వెంబడే కొట్టాడు. 7–6. చివరికి 8–7తో కబ్స్ గెలిచింది. సిరీస్‌లో అందరికన్నా మేటి ఆటగాడన్న బహుమతి అతనికే ఇచ్చారు.

ఇలా అన్ని చోట్లా ఆడేవాళ్ళ కోసం గోల్డ్ గ్లవ్ బహుమతుల్లో ఒక వర్గం పెట్టింది మాత్రం 2022లో. అప్పటికి జోబ్రిస్ట్ ఆట ముగిసి మూడేళ్ళయింది.

ఆ రాత్రి ఇల్లంతా కేకలు, ఈలలు. దాదాపు పన్నెండయింది; మన దగ్గర పొద్దున్న పది దాటి ఉంటుంది. అక్కయ్యకి ఫోను చేశాను. నా గొంతు వినగానే కంగారుపడిపోయింది.

"ఎవరికేమయిందే? ఎవరింటికెళ్ళాలి?"

"ఎవరికీ ఏం కాలేదక్కయ్యా. ఊరికే చేశాను."

కాసేపు అవతలినుంచి మాట లేదు.

"ఊరికే చేశావా?" అంది.